బ్యూరెట్ తడవని ముప్పై మార్కులు

ఫిబ్రవరి వచ్చిందంటే మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రసాయన శాస్త్రానికి పూనకం వస్తుంది. ఏడాది పొడుగునా తాళం వేలాడిన ల్యాబు తలుపు తెరుచుకుంటుంది. బల్లల మీద బూజు దులుపుతారు, సింకులో పేరుకున్న టీ గ్లాసులు తీసేస్తారు, సీసాలకు కొత్త చీటీలు అంటిస్తారు. ఇంటర్ సెకండియర్ పిల్లలు తెల్లకోట్లు తొడుక్కుని బ్యాచీలు బ్యాచీలుగా లోపలికి పోతారు. మూడు గంటల తర్వాత బయటికొచ్చేసరికి ప్రపంచంలో మరే ప్రయోగశాలలోనూ జరగని అద్భుతం జరిగిపోయి ఉంటుంది. టైట్రేషన్ చేసిన ప్రతివాడికీ ఒకటే జవాబు. లవణం అందుకున్న ప్రతివాడూ దాని పేరు పట్టేశాడు. ఎవరి చేతిలోనూ గాజు పగల్లేదు, ఎవరి వేలూ కాలలేదు, ఎవరి లెక్కా తప్పలేదు.

కొలత అన్నాక తేడా ఉంటుంది. కోటి రూపాయల తక్కెడ పెట్టుకున్న ల్యాబులో కూడా శాస్త్రజ్ఞుడు తన అంకె పక్కన ప్లస్ ఆర్ మైనస్ అని రాసి, కాస్త తలొంచుకుంటాడు. మన జూనియర్ కాలేజీలకు ఆ గుర్తుతో ఇంతవరకూ పనిపడలేదు. ఇక్కడ అంకె ఒక్కటే. దానికి అటూ లేదు, ఇటూ లేదు. ముప్పైకి ముప్పై.

ఇంతటి విద్యను కళ్లారా చూసి కూడా నాలుగు మంచి మాటలు రాయకపోతే పాపం తగులుతుంది. అందుకని రాస్తున్నాను.

ముందు టైట్రేషన్. ల్యాబు మొహం చూడని తల్లిదండ్రుల కోసం, ల్యాబు మొహం చూడని వాళ్ల పిల్లల కోసం కూడా, అసలు పని ఎలా ఉంటుందో చెప్తాను. బ్యూరెట్‌లో పర్మాంగనేట్ పోస్తాం. ఆ ఊదారంగు ఎంత చిక్కగా ఉంటుందంటే ద్రవం అడుగు వంపు కళ్లకు ఆనదు. అందుకే దీనికి మాత్రం పై అంచు చూసి రీడింగ్ తీసుకోమంటారు. పిపెట్‌తో 20 మిల్లీలీటర్ల ఆక్జాలిక్ ఆమ్లం కోనికల్ ఫ్లాస్కులోకి తీసి, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, 60, 70 డిగ్రీల దాకా వేడి చేస్తాం. ఇక ఎడమచేత్తో కాక్ తిప్పుతూ, కుడిచేత్తో ఫ్లాస్కును గుండ్రంగా ఆడిస్తూ బొట్టు బొట్టుగా వదలాలి. మొదటి బొట్టు పడగానే ద్రవం గులాబీ రంగు తిరిగి, మొండికేసి అలాగే కూర్చుంటుంది. కొత్తవాడు "అయిపోయింది సార్!" అని అరుస్తాడు. అవలేదు. ఓపిక పడితే ఆ రంగు తనంతట తానే పోతుంది. ఆ మొదటి బొట్టులోంచి పుట్టిన మాంగనీసు అయాన్లే తర్వాతి బొట్లను తొందరపెడతాయి. రెండోది త్వరగా పోతుంది, పదోది పడీపడగానే మాయమవుతుంది. చివరికి ఒక బొట్టు దగ్గర రంగు నిలబడిపోతుంది, అర నిమిషం ఆడించినా పోదు. ఒక బొట్టంటే దాదాపు మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. ఆ ఇరవయ్యో వంతు కోసం పదిహేడేళ్ల కుర్రాడు ఊపిరి బిగబట్టి నిలబడటమే ఈ ప్రయోగం. మిగతాది లెక్క. లెక్క ఎవరైనా చేస్తారు.

మనవాళ్లు ఈ పనిని తలకిందులు చేసి సులువు చేశారు. ముందు జవాబు. జవాబులోంచి లెక్క. లెక్కలోంచి రీడింగు. అన్నిటికంటే చివర, టైము మిగిలితే, ప్రయోగం. ఆక్జాలిక్ ఆమ్లం 0.05 మోలార్, పర్మాంగనేట్ 0.02 మోలార్ అని జనవరిలోనే బోర్డు మీద పడుతుంది. ఐదు మోల్‌లకు రెండు మోల్‌లు. అంటే 20 మిల్లీలీటర్లకు సరిగ్గా 20 మిల్లీలీటర్లు. జవాబు చేతిలో ఉండగా బ్యూరెట్ తడపడం దేనికి, మళ్లీ కడగలేక చావాలి.

ఇందులో ఒక కిటుకుంది, దాన్ని మెచ్చుకోకుండా ముందుకు పోలేను. "మూడు రీడింగులూ 20.0 అని రాయకండిరా, ఎక్స్‌టర్నల్‌కి డౌటొస్తుంది. మొదటిది 20.2 వెయ్యండి, తర్వాతి రెండూ 20.0." ఈ మాట చెప్పేది పక్క బెంచీవాడు కాదు, కెమిస్ట్రీ సారే. అబద్ధం నమ్మేటట్టు ఉండాలంటే అందులో చిటికెడు తప్పు కలపాలన్న ఈ సూక్ష్మం అబ్బడానికి దొంగసాక్షులకు కోర్టు మెట్లమీద ఏళ్లు పడుతుంది. మన పిల్లలకు ఒక పీరియడ్ చాలు. 1855లో కార్ల్ ఫ్రెడరిక్ మోర్ అనే జర్మన్ టైట్రేషన్ మీద పెద్ద పుస్తకమే రాశాడు. ల్యాబు బల్ల మీది లేతాకుపచ్చ మోర్ లవణం ఆయన పేరిటదే. రీడింగు ముందు రాసుకుని ద్రవం తర్వాత పోసుకోవచ్చన్న సంగతి పాపం ఆ మహానుభావుడికి తట్టలేదు.

లవణ విశ్లేషణ దీనికంటే రసవత్తరం. పొట్లంలో తెల్లటి పొడి ఇస్తారు, అదేమిటో చెప్పాలి. పద్ధతి ప్రకారమైతే పొడిని వేడిచేసి చూడాలి, మంటలో పెట్టి రంగు చూడాలి, గాఢ ఆమ్లం పోసి వచ్చే వాయువును పట్టాలి, సున్నా గ్రూపు నుంచి ఆరో గ్రూపు దాకా ఒక్కొక్కరినీ పిలిచి, కాదన్నవాణ్ణి పంపేస్తూ పోవాలి. బేరియం అయితే మంట లేతాకుపచ్చ, స్ట్రాన్షియం అయితే కెంపు, కాల్షియం అయితే ఇటుక ఎరుపు. లెడ్ నైట్రేట్ అయితే వేడి తగలగానే చిటపటలాడి ఎర్రగోధుమ పొగ వదులుతుంది. ఒక్కసారి విన్న చెవి ఆ చిటపటను మరిచిపోదు.

ఇంత శ్రమ ఎందుకని మనవాళ్లు ఒక సాధనం కనిపెట్టారు. దాన్ని అటెండరన్న అంటారు.

"అన్నా, నాది పదకొండు."

"అమ్మోనియం క్లోరైడు. గ్రూప్ జీరో రాసెయ్. కింద గ్రూపుల జోలికి పోకు, పేపరు పాడవుద్ది."

ఆఖరి మాట గమనించండి. అది కేవలం జవాబు కాదు, బోధన. అమ్మోనియం సున్నా గ్రూపులోనే తేలిపోతుంది కాబట్టి కింది గ్రూపుల్లో ఏదైనా 'కనిపించిందని' రాస్తే దొరికిపోతావని కుర్రాడికి తెలియదు, అన్నకు తెలుసు. ఆయనకు పొట్లం ఎత్తగానే బరువునుబట్టి సీసం లవణమని తెలుస్తుంది. రెండు తెల్ల పొడులు పక్కపక్కన పెడితే పలుకునుబట్టి ఏది జింకో ఏది మెగ్నీషియమో చెప్తాడు. ఆ గదిలో విశ్లేషణ వచ్చిన మనిషి ఆయనొక్కడే. వంద రూపాయలు ఆయన చేతిలో పెడతారు, డిస్టింక్షన్ పిల్లవాడికిస్తారు. శాస్త్రం ప్రకారం తారుమారు చేయాల్సిన పంపకం ఇది.

నైట్రేట్‌కు చేసే బ్రౌన్ రింగ్ టెస్టు కథ వేరు. లవణ ద్రావణానికి ఫెర్రస్ సల్ఫేట్ కలిపి, పరీక్షనాళికను ఏటవాలుగా పట్టుకుని, గోడ వెంబడి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మెల్లగా జార్చాలి. బరువైన ఆమ్లం అడుక్కు దిగుతుంది, రెండు పొరలు కలిసేచోట గోధుమరంగు ఉంగరం ఏర్పడుతుంది. అయితే ఫెర్రస్ సల్ఫేట్ అప్పటికప్పుడు కలిపిందై ఉండాలి. గాలి తగిలి పాతబడితే అది ఫెర్రిక్‌గా మారిపోతుంది, ఇక ఎంత ఆమ్లం జార్చినా ఉంగరం రాదు. మన ల్యాబుల్లో ఫెర్రస్ సల్ఫేట్ సీసా తెరిచి చూడండి. అడుగున తుప్పు రంగు బురద. ఏ ప్రిన్సిపాల్ హయాంలో కలిపారో ఎవరికీ గుర్తులేదు. ఆ బురదతో ఉంగరం రావడం అసాధ్యం. అయినా బ్యాచీలో నైట్రేట్ వచ్చిన ప్రతి పిల్లా పేపర్లో రాసింది: గోధుమరంగు వలయం ఏర్పడినది. అందరూ ఉంగరం చూశారు. శకుంతల ఉంగరం పోయి దుష్యంతుడికి భార్యే గుర్తుకు రాలేదు. ఇక్కడ లేని ఉంగరాన్ని తరాల తరబడి గుర్తుపెట్టుకుంటున్నారు.

నీళ్ల సంగతి చెప్పకపోతే బోరుబావులకు అన్యాయం చేసినట్టు. డిస్టిల్డ్ వాటర్ కొనడం దండగ అని కుళాయి నీళ్లే వాష్ బాటిల్‌లో పోసిన కాలేజీలు ఎన్నో. బోరు నీళ్లలో క్లోరైడు ఉంటుంది, సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే పాలలా తెల్లబడుతుంది. కాల్షియం ఉంటుంది, అమ్మోనియం ఆక్జలేట్ పోస్తే తెల్లటి అవక్షేపం దిగుతుంది. కాబట్టి ఇంటర్ బోర్డువారు పొట్లంలో ఏది పెట్టి పంపినా, నిజంగా ప్రయోగం చేసిన అమాయకుడికి అది కాల్షియం క్లోరైడుగానే తేలుతుంది. వాడికి మార్కులు కోస్తారు. తన కళ్లతో చూసింది రాసినందుకు ఆ గదిలో మార్కులు పోగొట్టుకున్నవాడు వాడొక్కడే. మిగతావాళ్లంతా వినికిడితో గట్టెక్కారు.

ఇక తటస్థీకరణోష్ణం. సిలబస్‌లో పేరుంటుంది, పరీక్షలో కనపడదు, రికార్డులో మాత్రం తప్పకుండా ఉంటుంది. బలమైన ఆమ్లమూ బలమైన క్షారమూ కలిస్తే మోల్ నీటికి దాదాపు 57.1 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మిల్లీలీటర్లు, అంతే సోడియం హైడ్రాక్సైడ్ థర్మోకోల్ కప్పులో కలిపితే ఉష్ణోగ్రత 6.8 డిగ్రీలు పెరగాలి. కప్పు కొంత తాగేస్తుంది, గాలి కొంత పట్టుకుపోతుంది, కలిపే కడ్డీ కూడా తన వాటా తీసుకుంటుంది. అందుకని నిజాయితీగా చేసినవాడికి 50కీ 55కీ మధ్య ఏదో వస్తుంది. ఆ తగ్గిన వేడి ఎటుపోయిందని వెతకడమే ఈ ప్రయోగంలో చదువు.

రికార్డుల్లో ఎంత ఉందో తెలుసా? అందరికీ 57.1. మన కార్పొరేట్ క్యాంపస్‌లో ఒక్క డిగ్రీ వేడి కూడా బయటికి పోదు. నెలకొక్క ఆదివారం తప్ప పిల్లలకే ఔటింగ్ లేని హాస్టల్లో వేడికి మాత్రం ఔటింగ్ ఎందుకిస్తారు?

ఇంకో చిత్రం. ఆ ల్యాబుల్లో ఉండే మామూలు థర్మామీటరుకు డిగ్రీకి ఒక గీత. దాంతో 6 చదివితే లెక్క 50.2 వస్తుంది. 7 చదివితే 58.5. కంటిచూపుతో రెండు గీతల మధ్య సగం అనుకుని ఆరున్నర వేస్తే 54.3. అంటే ఆ థర్మామీటరుతో ఏ రీడింగు తీసుకున్నా 57.1 రానే రాదు. ఈ చిన్న గుణకారం చేస్తే చాలు, కట్టలు కట్టలు రికార్డులు చిత్తు కాగితాలవుతాయి. సంతకం పెట్టిన సారు కెమిస్ట్రీ ఎమ్మెస్సీ. ఆయన ఆ గుణకారం చేయలేక కాదు. చేస్తే ఆ రాత్రి నిద్రపట్టదు, పొద్దున ఉద్యోగం ఉండదు.

రికార్డు అన్నాను కదా, అదొక కుటీర పరిశ్రమ. ఎడమ పేజీలో పెన్సిలుతో బొమ్మలు, కుడి పేజీలో పెన్నుతో విధానం. హాస్టల్లో పిల్లాడికి జేఈఈ మాక్ టెస్టులుంటాయి, అందుకని రికార్డు ఇంటికొస్తుంది. అక్క విధానం రాస్తుంది, అమ్మ స్కేలు పెట్టి గడులు గీస్తుంది, నాన్న ఆఫీసునుంచి వస్తూ అట్ట వేయించుకొస్తాడు. జూన్ నుంచి జనవరి దాకా వేర్వేరు తేదీలు వేసి, సంతకాలన్నీ ఒకే మధ్యాహ్నం, ఒకే ఎర్ర పెన్నుతో పూర్తవుతాయి. దాంట్లో ప్రయోగం చేసినవాళ్లు ఎవరూ లేరుగానీ కష్టపడినవాళ్లు ఉన్నారు. ఆ తల్లికి నాలుగు మార్కులిచ్చినా ధర్మమే.

పరీక్ష రోజున ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు వస్తాడు. కారు పంపుతారు. ఏసీ గదిలో కూర్చోబెడతారు. టిఫిను, బిర్యానీ, సాయంత్రానికి ఒక కవరు. ఈ మర్యాదల ఖర్చు 'ప్రాక్టికల్ ఫీజు' పేరుతో పిల్లల దగ్గరే వసూలవుతుంది, రసీదుండదు. వైవా కూడా ఆత్మీయంగా సాగుతుంది. "ఏ ఊరమ్మా మీది? ఏం కావాలనుకుంటున్నావు? గుడ్, వెళ్లు." నిజంగా వచ్చి, నిజంగా అడిగి, రానివాడికి 18 వేసే ఎగ్జామినర్లు లేకపోలేదు. వాళ్లకు మరుసటేడు ఆ కాలేజీకి డ్యూటీ పడదు, అంతే.

బోర్డు ఊరుకుందా అంటే ఊరుకోలేదు. పిల్లల్ని వేరే కాలేజీలకు మార్చి పరీక్ష పెడదామని జంబ్లింగ్ అన్నారు. ఆ మాట లేచినప్పుడల్లా "ఆడపిల్లలు అంత దూరం ఎలా వెళ్తారు?" అని యాజమాన్యాల కళ్లు చెమర్చాయి. ఆ ఆడపిల్లల్నే పొద్దున ఐదింటికి లేపి రాత్రి పదకొండింటి దాకా స్టడీ అవర్లో కూర్చోబెట్టేటప్పుడు చెమర్చని కళ్లు అవి. తర్వాత ల్యాబులో సీసీ కెమెరాలన్నారు. కెమెరాకు బల్ల కనపడుతుంది, బ్యూరెట్ కనపడుతుంది. అటెండరన్న గొంతు దానికి వినపడదు.

కెమెరాల ఖర్చు లేని ఉపాయం నా దగ్గరుంది. బోర్డు వారికి ఉచితంగా ఇస్తున్నాను. పిల్లల వేళ్లు చూడండి. పర్మాంగనేట్ పడిన వేలు గోధుమరంగు తిరుగుతుంది. సిల్వర్ నైట్రేట్ తగిలిన చోట వెలుతురు సోకగానే నల్లబడుతుంది, సబ్బుతో ఎంత తోమినా రోజుల తరబడి పోదు. ఒకప్పుడు బస్సులో రాడ్డు పట్టుకున్న చేతినిబట్టి వీడు సైన్సు స్టూడెంటని కండక్టరు చెప్పేవాడు. ఇప్పుడు లక్షల చేతులు తెల్లగా, మెత్తగా, ఓఎంఆర్ షీటులో గుండ్రాలు దిద్దడానికి తప్ప దేనికీ వాడనట్టున్నాయి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అన్ని కాలేజీలూ ఇలా లేవు. సర్కారు జూనియర్ కాలేజీల్లో సిల్వర్ నైట్రేట్ గ్రాము ధర చూసి గుండె చెరువైనా జేబులోంచి కొనుక్కొచ్చి, పది చుక్కలు పోయాల్సిన చోట రెండు చుక్కలే పోయించి, పిల్లలందరికీ ఆ తెల్లటి పెరుగు విరుపు చూపించే లెక్చరర్లున్నారు. రేకుల షెడ్డులో, గ్యాసు లేక స్పిరిటు దీపాల మీద, ఇరవై మందికి ఒక బ్యూరెట్‌తో పాఠం చెప్పేవాళ్లున్నారు. వాళ్ల పిల్లలకు 24, 26 వస్తాయి. నిజంగా చేస్తే అన్నే వస్తాయి. పక్క వీధి ఏసీ క్యాంపస్‌లో గుండుగుత్తగా 30 పడతాయి. మార్కుల జాబితా చూసిన తండ్రికి ఏం అర్థమవుతుంది? సర్కారు కాలేజీలో చదువు లేదని.

ఎంపీసీకైనా బైపీసీకైనా వెయ్యి మార్కుల్లో ప్రాక్టికల్స్ మార్కులూ కలుస్తాయి. ఆ అంకెలు ఫలితాల రోజు టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని ఊపిరాడకుండా చదివే ప్రకటనకు పునాది రాళ్లు. వెయ్యికి 990 అనే మేడలో మొదటి అంతస్తు ల్యాబులో కాదు, ఎక్స్‌టర్నల్ సారు భోజనాల గదిలో కట్టారు.

యాజమాన్యాల వాదన కూడా వినాలి కదా. "జేఈఈలో ప్రాక్టికల్ లేదు కదండీ, పిల్లల టైము ఎందుకు వేస్టు?" లేదని ఎవరన్నారు? జేఈఈ మెయిన్ సిలబస్‌లో ప్రాక్టికల్ కెమిస్ట్రీ సూత్రాలని ఏకంగా ఒక యూనిట్ పెట్టారు. ఆక్జాలిక్ ఆమ్లంతో పర్మాంగనేట్, మోర్ లవణంతో పర్మాంగనేట్, తటస్థీకరణోష్ణం, లవణాల గుర్తింపు, అన్నీ ఉన్నాయి. వాటికి మనవాళ్లు ల్యాబు తెరవలేదు, షార్ట్‌కట్ తయారుచేశారు. నికెల్‌కు డైమిథైల్ గ్లయాక్జైమ్ వేస్తే ఏ రంగని అడగండి, ప్రశ్న పూర్తికాకముందే "రోజీ రెడ్, ఆప్షన్ బి" అంటాడు. ఆ రంగు ఎలా ఉంటుందిరా అంటే నోరెళ్లబెడతాడు. పుట్టుగుడ్డివాడు రంగుల మీద వ్యాసం రాస్తే మనం మెచ్చుకోవచ్చు. కళ్లున్న పిల్లవాడికి గంతలు కట్టి రాయించడానికి రెండు లక్షల ఫీజు కట్టడం మాత్రం మనకే చెల్లింది.

ఏటా జనవరి 12న కొన్ని కాలేజీల్లో ఒక ఫోటోకు దండ వేస్తారు. యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టిన మనవాడు. దండ వేసేది తాళం వేసిన ల్యాబు గుమ్మం దగ్గరే. ఆయన పేరు ప్రపంచమంతా వాడుకలోకి తెచ్చింది ఏమిటో దండ వేసేవాళ్లకు చెప్పాలి. లవణ విశ్లేషణలో ఫాస్ఫేట్ కోసం అమ్మోనియం మాలిబ్డేట్ పోస్తే పసుపుపచ్చ అవక్షేపం వస్తుందని మన పిల్లలు బిట్టుగా బట్టీపడతారే, ఆ కుటుంబపు చర్యనే తీసుకుని, దాన్ని నీలిరంగుగా మార్చి, రంగు చిక్కదనాన్నిబట్టి ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఆయన, సైరస్ ఫిస్కే కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతి.

తర్వాత జరిగింది అసలు కథ. ఆ పద్ధతితో కండర రసంలో ఫాస్ఫరస్ కొలుస్తుంటే లెక్క కుదరలేదు. రంగు రావాల్సినంత వేగంగా రాలేదు, ఆలస్యంగా ముదిరింది. మన కాలేజీలో అయితే సారు వచ్చి "ఏంట్రా ఇది, పక్కవాడిది చూసి వేసెయ్" అనేవాడు. వాళ్లు పక్కవాడిది చూడలేదు. ఆ ఆలస్యం ఎందుకని వెంటపడ్డారు. కండరంలో ఫాస్ఫరస్‌ను పట్టుకుని కూర్చున్న, అప్పటిదాకా ఎవరికీ తెలియని పదార్థం దొరికింది. దాని పేరు ఫాస్ఫోక్రియేటిన్, 1927లో లోకానికి చెప్పారు. కుదరని రీడింగు కొట్టేయకుండా దాచుకున్నందుకు దక్కిన ఫలం అది. మన పిల్లలకు ఫిబ్రవరిలో మనం నేర్పే మొట్టమొదటి పాఠం మాత్రం, కుదరని రీడింగు కొట్టేయమని.

ఈ పాఠం ఫిబ్రవరితో ఆగదు. బాలానగర్‌లో ఐడీపీఎల్ వెలిసిన నాటినుంచి హైదరాబాదు మందులకు రాజధాని. జీడిమెట్ల, పాశమైలారం, అటు విశాఖ దగ్గర పరవాడ, అచ్యుతాపురం, ఎక్కడ చూసినా క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో కూర్చునేది ఈ పిల్లలే. బీఎస్సీ, బీఫార్మసీ అయ్యాక వాళ్లు నిజంగా టైట్రేషన్ చేయాలి, ఆ బొట్టుమీద జ్వరంతో ఉన్న ఎవరి బిడ్డో ఆధారపడి ఉంటుంది. అమెరికా ఎఫ్‌డీఏ మన దేశపు మందుల కర్మాగారాలకు ఏళ్లుగా రాస్తున్న వార్నింగ్ లెటర్లు బహిరంగ పత్రాలే. వాటిలో తరచూ ఎదురయ్యే ఫిర్యాదు ఒకటుంది: నచ్చని ఫలితం చెరిపేశారు, మళ్లీ చేసి నచ్చినది ఉంచారు, చేయని పరీక్షకు తేదీ వేశారు. చదివి మనవాళ్లు అవాక్కయ్యామంటారు. అవాక్కవడానికేముంది, రికార్డు రాయడం బాగా వచ్చినవాళ్లేగా.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ట్యాంకు వేడెక్కి ఆవిరి ఊరిమీద పడింది. 12 మంది పోయారు. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉందని, పై పొరలు ఎంత వేడెక్కాయో చూసే దిక్కులేదని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్లు ఏ కాలేజీలో చదివారో నాకు తెలియదు, వాళ్లను అనడం నా ఉద్దేశమూ కాదు. తప్పు అంతకంటే పైనుంది. ఒక రసాయన చర్యలో పుట్టే వేడిని కొలవడం తప్పనిసరి పని అని, కాగితం మీద వేసుకునే అంకె కాదని, ఈ సమాజంలో ఎవరు ఎవరికి ఎక్కడ నేర్పుతున్నారో చెప్పండి. 57.1 అని రాసుకుని సంతకం పెట్టించుకున్న చోటా?

పిల్లల్ని నేను అనను. పదిహేడేళ్ల వాడికి బ్యూరెట్ చేతికిస్తే వాడు గంటసేపు బొట్లు లెక్కపెడుతూ కూర్చుంటాడు, లేవమన్నా లేవడు. రంగు మారినప్పుడు వాడి మొహం చూసినవాళ్లెవరికీ ఈ మాట మీద అనుమానం ఉండదు. ఆ గంట వాడికి ఇవ్వకుండా దాచుకుని, దాని బదులు ముప్పై మార్కులు చేతిలో పెట్టి పంపించేది పెద్దవాళ్లు.

కనుక బోర్డు వారికి ఒకే విన్నపం. కొత్త కమిటీ వద్దు, కొత్త కెమెరా వద్దు. ప్రతి విద్యార్థికి థియరీలో ఎన్నొచ్చాయో, ప్రాక్టికల్‌లో ఎన్నొచ్చాయో మీ కంప్యూటర్లో ఇప్పటికే ఉంది. పేర్లు తీసేసి, కాలేజీ వారీగా ఆ రెండు సగటులూ పక్కపక్కన పెట్టి ఫలితాల రోజే ప్రచురించండి. ఏ కాలేజీలో అందరికీ ముప్పై పడ్డాయో ఆ జాబితా వేరుగా వేయండి. ఆ పని మీరు చేయకపోతే, అమ్మలారా, అయ్యలారా, వచ్చే జూన్‌లో ఫీజు మొదటి వాయిదా కట్టేముందు "ల్యాబు తలుపు తీసి చూపించండి" అని కౌంటర్ దగ్గర అడగండి. తాళంచెవి కోసం వెతుకులాట మొదలైతే మీ డబ్బు జేబులోనే ఉంచుకుని వెనక్కి రండి.